గాలాడే చోటు

జ్వరం చూసినట్టు చేతి వెనకవైపు ఆనించి చూశాడు కుర్రాడు. చూసింది మావాడి నుదురు కాదు, టీవీ కింద అలమరలో ఉన్న వైఫై డబ్బా. చురుక్కుమన్నట్టుంది, చెయ్యి విదిలించుకుని "సార్, దీని మీద అప్పడాలు కాల్చుకోవచ్చు" అన్నాడు. పక్కగదిలో నడుం వాల్చిన మా అమ్మకి అప్పడాలొక్కటే వినిపించాయి. "మధ్యాన్నం మూడింటికి అప్పడాలేవిట్రా?" అంది అక్కణ్ణించే.

రోహిణి కార్తె. రోళ్ళు పగిలే కార్తె. బెజవాడలో మాది మూడో అంతస్తు. మా పైన స్లాబు, స్లాబు పైన నీళ్ళ ట్యాంకు, ఆ పైన సూర్యుడు. పది రోజులుగా మా ఇంట్లో నెట్టు మధ్యాహ్నం రెండింటికి పోయి అయిదింటికి తనంతట తనే వస్తోంది. మావాడు హైదరాబాదు కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాడు. మీటింగులో మాట్లాడుతూ మాట్లాడుతూ నోరు తెరిచిన బొమ్మలా ఆగిపోతున్నాడట. అవతలివాళ్ళు ఆ బొమ్మని ఫొటో తీసి గ్రూపులో పెట్టుకుంటున్నారట. ఫిర్యాదు చేద్దామని ఫోన్ చేస్తే, ఆపేసి పది నిమిషాలాగి మళ్ళీ వెయ్యమని రికార్డు చేసిన గొంతు చెప్పింది. వేశాం. పనిచేసింది. మళ్ళీ పోయింది. మళ్ళీ ఆపాం. మూడు రోజులయ్యేసరికి ఇంటిల్లిపాదికీ ఆ స్విచ్చు మీద గురి కుదిరింది. మందు స్విచ్చులో లేదనీ, మధ్యలో దొరికిన ఆ పది నిమిషాల విశ్రాంతిలో ఉందనీ ఒక్కరికీ తట్టలేదు. చివరికి కంపెనీవాళ్ళు ఈ కుర్రాణ్ణి పంపారు.

ఆ అలమర గురించి కొంచెం చెప్పాలి. ఇల్లు కొన్నప్పుడు వడ్రంగి చేత ప్రత్యేకంగా చేయించిన టీవీ స్టాండు అది. నేను పెట్టిన షరతు ఒక్కటే: వైరన్నది కంటికి కనపడకూడదు. అతను మాట నిలబెట్టుకున్నాడు. నల్ల అద్దం తలుపులు పెట్టి, వెనకచెక్కకి మూడు వేళ్ళు పట్టేంత చిల్లు ఒకటి కొట్టి వదిలేశాడు. కుర్రాడు ఆ తలుపులు తీసి ఒక్కొక్కటే బయటికి లాగుతుంటే, నా ఇంట్లో ఇంత సంసారం జరుగుతోందా అనిపించింది. అన్నిటికంటే కింద సెట్‌టాప్ బాక్సు. దాని మీద రౌటరు. పక్కనే, కరెంటు పోయినా నెట్టు పోకూడదని కొన్న చిన్న యూపీఎస్. వెనక అడాప్టర్లు గుచ్చిన స్పైక్ బస్టరు. రౌటరు మీద మా అమ్మ అల్లిన లేసు గుడ్డ. ఆ గుడ్డ మీద తెల్లపొణికి కర్రతో చేసిన కొండపల్లి అంబారీ ఏనుగు.

"మేడ కట్టినట్టు కట్టారు సార్, అంతస్తు మీద అంతస్తు" అన్నాడు.

డబ్బాని తిరగేసి, అరచేతిలో తట్టాడు. చీలికల్లోంచి ముందు దుమ్ము రాలింది. తర్వాత ఎర్రటి పొడి. మా ఆవిడ కంగారుగా వంగి చూసి, "కుంకం అండీ, దసరాది" అంది. నిజమే, ఆయుధపూజ నాడు దానికి బొట్టు పెట్టింది నేనే. ఎండి నల్లబడిన బంతిరేక ఒకటి దాని వెనకే పడింది. ఆఖర్న బఠాణీగింజంత తెల్లటి పెంకు, రెండు చెక్కలై రాలింది. బల్లి గుడ్డు. మా రౌటరు సిగ్నలివ్వకపోతే మానె, పిల్లల్ని మాత్రం పొదిగి పంపించింది.

"గాలాడే చోట పెట్టండి సార్" అని చెప్పి, అయిదు స్టార్లు ఇవ్వమని ఫోను చూపించి, వెళ్ళిపోయాడు కుర్రాడు.

అమ్మ లేచొచ్చి, నేల మీద పరిచి ఉన్నదంతా చూసింది. డబ్బా మీద చెయ్యేసింది. "మామిడికాయలు ముగ్గేసినట్టు ముగ్గేశారు కదరా దీన్ని!" అంది.

"గుడ్డ కప్పింది నువ్వే కదమ్మా."

"దుమ్ము పడుతుందని కప్పాను. అలమరలో పెట్టి తలుపులేసింది మీరు."

ఈ కేసులో ముద్దాయిలం అందరమూనని తేలింది.

అమ్మది నరసాపురం దగ్గర పల్లె. ఆ చుట్టుపక్కల ఆడపిల్లకి అల్లిక సూది పట్టుకోవడం, అన్నం కలుపుకోవడం ఒకే వయసులో వచ్చేస్తాయి. మా ఇంట్లో ప్లగ్గున్న ప్రతి వస్తువుకీ ఒక లేసు గుడ్డ ఉంది. టీవీకి ఉంది. మిక్సీకి ఉంది. తాళం వేసుకునే ల్యాండ్‌లైన్ ఫోనుకి ఉండేది. అంతకుముందు తాతయ్య వాల్వు రేడియోకి ఉండేదట. అమ్మ అలవాటులో తప్పేం లేదు, పాతబడిందల్లా లెక్క ఒక్కటే. తాతయ్య సాయంత్రం విజయవాడ కేంద్రం పెట్టేముందు ఆ గుడ్డ తీసి, నాలుగు మడతలు పెట్టి, పక్కనుంచి, అప్పుడు మీట తిప్పేవాడు. వాల్వులు వేడెక్కి గొంతు రావడానికి అరనిమిషం పట్టేది. వెనక అట్టకి వరసగా చిల్లులుండేవి. రేడియోకీ గోడకీ మధ్య నాలుగు వేళ్ళ సందు ఉండాల్సిందేనని, పిల్లలు ఆ సందులో బొంగరాలు దాస్తే చెవులు మెలేసేవాడని అమ్మ చెబుతుంది. తాతయ్య సైన్సు చదువుకోలేదు. పనిచేసేది కాగుతుందని తెలుసు, కాగేదానికి సందు కావాలని తెలుసు.

రేడియో కట్టేస్తే చల్లారేది, గుడ్డ మళ్ళీ కప్పుకునేది. మిక్సీ పచ్చడవగానే పడుకుంటుంది. టీవీ కూడా ఎప్పుడో అర్ధరాత్రి దాటాక మాట వింటుంది. ఫ్రిజ్ సైతం కాసేపు గుర్రుమని, కాసేపు ఊపిరి పీల్చుకుంటుంది. ఇంట్లో 24 గంటలూ కన్ను మూయకుండా మేలుకునేది ఈ డబ్బా ఒక్కటే. దానికే గుడ్డ కప్పి, పైన ఏనుగునెక్కించాం.

ఆ డబ్బా తినేది ఏమంత ఎక్కువ కాదు. అడాప్టరు మీద 12 వోల్టులు, ఒకటో ఒకటిన్నరో ఆంపియర్లు అని రాసి ఉంటుంది. పది వాట్లు వేసుకోండి. నెలంతా వెలిగినా ఎనిమిది యూనిట్లు దాటదు. పది వాట్లంటే ఎంతో తెలియాలంటే పాత జీరో బల్బుని గుర్తు చేసుకోండి. పేరుకి జీరోయే గాని అదీ పది, పదిహేను వాట్లు తాగేది. రాత్రంతా వెలిగిన జీరో బల్బుని పొద్దున్నే పట్టుకుని వేలు కాల్చుకున్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆ బల్బుని నల్ల ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని అద్దాల పెట్టెలో పెట్టినట్టే. రౌటరు తిన్న పది వాట్లలో అలలుగా మన ఫోన్ల దాకా వచ్చేది వీసమెత్తు. తక్కిందంతా డబ్బాలోనే వేడైపోతుంది. ల్యాప్‌టాప్‌కైతే లోపల ఫ్యాను తిరుగుతుంది. ఇంటి రౌటర్లలో మామూలుగా ఫ్యానుండదు. లోపల చిప్పు మీద అల్యూమినియం రేకు ఒకటి, చుట్టూ చీలికలు, అంతే. వేడిగాలి పైకి లేచి పై చీలికల్లోంచి పోవాలి, కింద చీలికల్లోంచి చల్లగాలి రావాలి. మన పెంకుటింటి పైకప్పులో పొగగూడు చేసే పనే అది. పైన గుడ్డ, కింద సెట్‌టాప్ బాక్సు పెట్టామంటే పొగగూడూ మూశాం, గుమ్మమూ మూశాం.

డబ్బాతో వచ్చిన కాగితం చదివే అలవాటు ఎవరికీ ఉండదు. ఆ రోజు వెతికి చదివాను. 0 నుంచి 40 డిగ్రీల మధ్య వాడుకోమని ఉంది. ఇళ్ళలో వాడే చాలా రౌటర్ల మీద ఇదే లెక్క ఉంటుంది. ఆ 40 రాసిన మహానుభావుడు మే నెలలో రెంటచింతల వచ్చి ఉండడు. బెజవాడ, ఖమ్మం, రామగుండం ఏదీ చూసి ఉండడు. మా హాల్లోనే ఆ వేళకి 38 చూపిస్తుంటే, తలుపులేసిన అలమరలో ఎంతుంటుందో ఊహించుకోవచ్చు. హద్దు దాటితే చిప్పు ముందు నెమ్మదిస్తుంది, తర్వాత తనని తాను ఆపి మొదలుపెట్టుకుంటుంది. అది పొగరు కాదు, స్పృహ తప్పడం. చల్లబడితే లేస్తుంది. మావాడి బొమ్మ కదులుతుంది.

లేవడం మాట సరే. లోపల సన్నటి డోలుల్లాంటి కెపాసిటర్లు ఉంటాయి. మన ఫ్యాను మెకానిక్కులు కండెన్సర్ అంటారే, ఆ జాతివే. ఇవి మాత్రం లోపల తడి ఉన్నవి. వేడికి ఆ తడి కొంచెం కొంచెంగా ఆరిపోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే వీటి ఆయుష్షు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్ళ ఉజ్జాయింపు లెక్క. మూడేళ్ళకే పోయిందేమిటని కంపెనీని తిట్టుకునే చాలా డబ్బాలు నిజానికి అలమరలో ముగ్గి రాలినవేనని నా అనుమానం. చిన్న యూపీఎస్ లోపలి లిథియం బ్యాటరీలదీ ఇదే గోల, వాటికి కూడా వేడి పడదు. రెండూ ఒకదానికొకటి ఆనుకుని కూర్చుంటే ఒకరి జ్వరం ఒకరికి అంటుకుంటుంది.

ఇంతకీ గాలాడే చోటు ఎక్కడ?

మా ఆవిడ ఫ్రిజ్ నెత్తిని చూపించింది. అక్కడ ఇప్పటికే మందుల డబ్బా, కరెంటు బిల్లులు, తాళాల గుత్తి, మూత దొరకని ఒక సీసా కాపురముంటున్నాయి. పైగా ఫ్రిజ్ లోపల చల్లగా ఉందంటే ఆ లాగిన వేడి బయటెక్కడో వదలాలి కదా. వెనకనుంచో పక్కలనుంచో వదులుతుంది, అది పైకే లేస్తుంది. అదీగాక అది నిలువెత్తు ఇనుము. సిగ్నలుకి ఇనుప గోడకంటే శత్రువు లేదు. బీరువా పక్కన రౌటరు పెట్టుకుని బెడ్‌రూంలో నెట్టు రాదని ఏడ్చే ఇళ్ళు నాకు కనీసం మూడు తెలుసు.

మావాడు అటక అన్నాడు. ఎవరికీ అడ్డం రాదు, కనపడదు. సాయంత్రం స్టూలు వేసుకుని అటక మీద చెయ్యి పెట్టి చూశాను. దోసె పెనం దింపాక కాసేపటికి ఎలా ఉంటుందో అలా ఉంది. పగలంతా ఎండ తాగిన స్లాబు ఆ వేడిని రాత్రి పదకొండింటి దాకా కిందికి కక్కుతూనే ఉంటుంది. తెలంగాణలో 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చిందీ, మా వాచ్‌మన్ ఏటా మేడ మీద సున్నం కొట్టేదీ ఈ బాధ పడలేకే. ఇంట్లో వేడిగాలంతా చేరేది ఆ మూలకే. అటక వద్దన్నాను.

ఫోన్లో మా బావమరిది తగులుకున్నాడు. "కరెంటు వస్తువు కదా బావా, అగ్ని సంబంధం. ఆగ్నేయంలో పెట్టు." మా ఆగ్నేయంలో వంటిల్లుంది. పొయ్యి సెగ, పోపు ఘాటు, నూనె జిడ్డు. ఆ జిడ్డుకి దుమ్ము అంటుకుంటే చీలికలు పూడిపోవడానికి రెండు నెలలు చాలు. మైక్రోవేవు కూడా అక్కడే. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే అదీ పనిచేస్తుంది. అది తిరుగుతున్నంతసేపూ పక్కనున్న వైఫైకి తల తిరుగుతుంది. ఇదంతా చెబితే, "పోనీ, గాలి కావాలంటున్నావుగా, వాయవ్యంలో పెట్టు" అన్నాడు తడుముకోకుండా. మా వాయవ్యంలో బాత్రూం ఉంది.

పడమటి కిటికీ గట్టు నా ఆలోచన. కృష్ణ మీది గాలి వస్తుందని ఆశ. మూడింటి నుంచి ఆరింటి దాకా ఆ గట్టు మీద ఎండ ఎలా పడుతుందో మర్చిపోయాను. అమ్మ గుర్తు చేసింది, ఆవిడ వడియాలు పెట్టుకునేది అక్కడే. సిగ్నల్లో సగం వీధిపాలవుతుందని మావాడు వంత పాడాడు.

ఇన్ని చోట్లు తిరిగాక అమ్మ ఒక మాటంది. "మా ఇంట్లో దేన్నెక్కడ పెట్టాలో ఎవరూ వాదించుకునేవాళ్ళు కాదురా."

నిజమే, వాదించుకునేవాళ్ళు కాదు. నీళ్ళకుండ వసారాలో గాలి పారే మూల, తడిపిన ఇసక మీద. పెరుగు ఉట్టి మీద, పిల్లికీ చీమకీ అందకుండా. ఆవకాయ జాడీ చీకటిగదిలో. దీపం గోడగూట్లో, గాలికి ఆరకుండా, మసి గోడకే పట్టేలా. వస్తువు స్వభావం ఏమిటి, దానికేం కావాలి, దేంతో భయం, ఈ మూడూ అడిగి దానికి చోటిచ్చేవాళ్ళు. గడ్డిమేటు సంగతే చూడండి. తడారకుండా మేటేస్తే లోపల కాగుతుంది, ఒక్కోసారి తనంతట తనే అంటుకుంటుంది. అందుకని తాతయ్య మేటులోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి చూసేవాడట, లోపల వెచ్చబడిందేమోనని. అలమర ముందు కూర్చుని కుర్రాడు చేసిందీ అదే.

మరి మా రౌటరు చోటు ఎవరు నిర్ణయించారు? డ్రిల్లు మిషను. కనెక్షనిచ్చినప్పుడు వచ్చినవాళ్ళు ఫైబరు తీగ లాక్కొచ్చి, ఎక్కడ గోడకి చిల్లు కొట్టడం తేలికో అక్కడ కొట్టారు. ఆ తీగ లోపల ఉన్నది వెంట్రుకంత సన్నటి గాజు. మొలతాడులా మెలిపెడితే వెలుతురు దారి తప్పుతుంది. కాబట్టి తీగ ఆగినచోట డబ్బా ఆగింది. ఆ తర్వాత దాన్ని నా కంటికి కనపడకుండా చేసే పని వడ్రంగి తీసుకున్నాడు. దానికేం కావాలని అడిగినవాడు లేడు. ఇంట్లో పనికొచ్చే వస్తువులన్నీ అలమరల్లోకీ, అటకల మీదికీ పోయి, పనికిరాని బొమ్మలు మాత్రం హాలు మధ్యలో వెలుగుతున్నాయి. కొండపల్లి ఏనుగు మీద నాకేం కోపం లేదు. దానికి వేడెక్కే పనైతే లేదు కదా అంటున్నాను.

చిత్రమేమిటంటే, వేడికి మంచి చోటూ, సిగ్నలుకి మంచి చోటూ ఒకటే. నిలబెట్టిన ఏంటెన్నా నుంచి అలలు గారెలా చుట్టూ పరుచుకుంటాయి, పైకీ కిందికీ తక్కువ. అందుకని ఇంటి మధ్యలో, మనిషి ఛాతీ ఎత్తుకి కాస్త పైన, చుట్టూ ఏమీ లేకుండా ఉండాలి. 5 గిగాహెర్ట్జ్ అయితే మరీ సుకుమారం, రెండు గోడలు దాటేసరికి నీరసిస్తుంది. చేపల తొట్టె అడ్డమొచ్చినా, నిలువుటద్దం అడ్డమొచ్చినా పోతుంది. ఎటు చూసినా శాస్త్రం చెప్పేది బయట పెట్టమనే. వద్దనేది మన కళ్ళొక్కటే.

హాలుకీ నడవకీ మధ్య గోడ ఉంది. ఎండ పడదు, ఫ్యాను గాలి తగులుతుంది. వీధిలో ఎలక్ట్రీషియన్ అబ్బాయిని పిలిచి పొడుగు ఫైబరు తీగ వేయించాం. గోడకి రెండు మేకులు కొట్టబోతూ అతను డబ్బాని తిప్పి చూపించాడు. అడుగున తాళంచెవి రంధ్రాల్లాంటివి రెండున్నాయి, మేకులకి తగిలించుకోమనే చేశారు. మూడేళ్ళుగా అవి కిందికి తిరిగి సెట్‌టాప్ బాక్సుని చూస్తూ కూర్చున్నాయి. యూపీఎస్‌ని జానెడు దూరంలో విడిగా పెట్టాం. వారానికోసారి ఎండుగుడ్డతో దుమ్ము తుడవడం నా వంతు. వచ్చే దసరాకి బొట్టు అడాప్టరుకి పెడతాను.

తడిగుడ్డ చుట్టమని ఒక పెద్దాయన సలహా ఇచ్చాడు, కూజాకి చుట్టినట్టు. వినయంగా కాదన్నాను.

"తెల్లగోడ మీద నల్ల డబ్బా, కిందికి వేలాడే వైర్లు. వచ్చినవాళ్ళు ఏమనుకుంటారండీ?" అని మా ఆవిడ వారం రోజులు బెంగపెట్టుకుంది. ఈ నెలలో మా ఇంటికి పదకొండు మంది చుట్టాలొచ్చారు. వైర్ల మాట ఒక్కరూ ఎత్తలేదు. అందరూ అడిగింది పాస్‌వర్డే.

రోహిణి వెళ్ళి మృగశిర వచ్చింది. మధ్యాహ్నం మీటింగులో మావాడి నోరు ఆగకుండా కదులుతోంది. రౌటరు ఖాళీ చేసిన అలమరలో అమ్మ పేపరు పరిచి, రెండు డజన్ల నూజివీడు చిన్నరసాలు సర్ది, పైన ఆ లేసు గుడ్డే కప్పి, అద్దం తలుపులేసింది. సెట్‌టాప్ బాక్సు పక్కన, గడ్డయినా లేకుండా, నాలుగో రోజుకి ముగ్గాయి.